పదహారు వందల ఇరవై అడుగులు

జూన్ 2

సిసింద్రీకి,

నీ ఉత్తరం అందింది. రెండు పేజీల్లో ఏడుసార్లు ‘బాగానే ఉన్నాను’ అని రాశావు. అన్నిసార్లు చెప్పాల్సి వచ్చిందంటే అంత బాగా లేవన్నమాట. ఆ సంగతేదో వచ్చి చూస్తాను. అవును, వస్తున్నాను. ఈ నెల పద్నాలుగున, విమానంలో.

మీ గొలుసు తాతయ్య కార్డు రాశాడు. నీకు ఆయన సరిగ్గా గుర్తుండకపోవచ్చు. నా తమ్ముడు. ముప్పయ్యారేళ్లు సర్వేయరుగా గొలుసు పట్టుకుని ఊళ్లన్నీ కొలిచి, ఇంటికొచ్చాక కూడా మంచానికీ గోడకీ మధ్య ఎంతుందో చెప్పకుండా పడుకునేవాడు కాదు. పదకొండేళ్లుగా మా మధ్య మాటల్లేవు. ఎందుకో మన ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు కనుక అసలుది విను. వాడి కూతురి పెళ్లి కార్డు వెనక, హాలుకి దారి చూపే మ్యాపు వాడే స్వయంగా గీశాడు. అందులో ఉత్తర దిక్కు కిందికి ఉంది. ముప్పయ్యేళ్లు భూగోళం పాఠం చెప్పినదాన్ని, చూస్తూ ఊరుకోలేకపోయాను. ఎర్ర పెన్నుతో దిద్ది, పదికి మూడు మార్కులు వేసి వాడికే తిప్పి పంపాను. ‘నీ మార్కులు నువ్వే ఉంచుకో, పెళ్లికి రానక్కర్లేదు’ అన్నాడు. నేను వెళ్లలేదు. పెళ్లివారి బస్సు ఆ మ్యాపు పట్టుకుని వెళ్లి కోల్డ్ స్టోరేజీ ముందు ఆగిందని తర్వాత విన్నాను. సంతోషించలేదని మాత్రం చెప్పను.

ఇప్పుడు ఈ కార్డులో నాలుగే వాక్యాలు. ‘పద్నాలుగున నగరంలో రైలు మారతాను. మధ్యాహ్నం నుంచి సాయంత్రం ఆరు దాకా ఒకటో ప్లాట్‌ఫారం గడియారం కింద ఉంటాను. వస్తే రా. రాకపోతే ఇంక రాయను.’ వాడు రాయనన్నాడంటే రాయడు. మా ఇంట్లో మొండితనం ఒక్కటే ఇద్దరికీ సమానంగా పంచారు. వాడి ఊరికి నేను వెళ్తే నేను ఓడినట్టు, నా ఊరికి వాడొస్తే వాడు ఓడినట్టు. నగరం ఎవరి సొత్తూ కాదు. ఫోన్ చెయ్యరాదా అనకు. ఫోన్లో నాకు సగం వినపడదు, వాడు సగం చెప్పడు. నాకు డెబ్బై మూడు, వాడికి డెబ్బై. ఇంకో పదకొండేళ్లు అలిగి కూర్చునే తీరిక ఇద్దరికీ లేదు.

రైలైతే పందొమ్మిది గంటలు, నా నడుము ఒప్పుకోదు. అందుకని మీ మామయ్య విమానం టికెట్టు తీశాడు. టికెట్ల ఏజెంటు ఒక చిన్న పుస్తకం కూడా చేతిలో పెట్టాడు. ‘విమానాశ్రయం నుంచి నగరంలోకి, నలభై నిమిషాల్లో’ అని పేరు. బయటికి రాగానే ఎడమవైపు రెండు నిమిషాల నడకలో బస్టాపు, పదిహేను నిమిషాలకో బస్సు, అది నేరుగా రైల్వే స్టేషన్‌కి. అచ్చు శుభ్రంగా ఉంది. విమానం ఒకటీ యాభైకి దిగుతుంది, మూడింటికల్లా నేను గడియారం కింద. దారి పొడుగునా అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్తాను. చిన్నప్పుడు నేను అడుగులు లెక్కపెడితే వాడు పలక మీద రాసేవాడు, అలా మా వీధంతా కొలిచాం. వాడి చేతికి గొలుసు ఇచ్చింది ప్రభుత్వమే కావచ్చు, కొలత నేర్పింది నేను.

నువ్వు సెలవు పెట్టొద్దు. ఆర్నెల్లు చూసిగానీ ఉద్యోగం ఖాయం చెయ్యరని నువ్వే రాశావు. వాణ్ణి రైలెక్కించి నీ గదికి వస్తాను. ఆఫీసు వాళ్ల కోసం ఏదో పుస్తకం రాస్తున్నానన్నావు, అది ఎప్పుడొస్తుంది? మొదటి ప్రతి నాకు పంపు, దిద్దుతాను.

కొత్తవి ఆరు ఎర్ర పెన్నులు కొన్న
అమ్మమ్మ


జూన్ 7

అమ్మమ్మా,

నువ్వు వస్తున్నావని గదంతా సర్దాను. అంటే ఉన్నదంతా మంచం కిందికి తోశాను. నువ్వు అటు చూడకు.

ఒక్క మాట విను. బస్సు వద్దు, టాక్సీ ఎక్కు. ఆ చిన్న పుస్తకాన్ని అంతగా నమ్మకు. అక్కడ కొత్త టెర్మినల్ తెరిచి నాలుగు నెలలే అయింది. రాసినవాళ్లు పాత పుస్తకం ముందు పెట్టుకుని రాసి ఉండొచ్చు. వాళ్లను మాత్రం ఏమనగలం? పదిహేను రోజుల్లో రాసిమ్మని నెత్తిన కూర్చున్న పై అధికారి ఉండి ఉంటారు. కుర్చీలోంచి లేవనివ్వకుండా ‘ఫోన్ చేసి కనుక్కో’ అని ఉంటారు. ఫోనెత్తిన మనిషి ‘అంతా పాత పద్ధతేనండీ’ అని పెట్టేసి ఉంటాడు. నాకెలా తెలుసని అడగకు, ఊరికే ఊహిస్తున్నాను.

మామయ్యతో చెప్పి నీకు చక్రాల కుర్చీ బుక్ చేయించాను. కోప్పడకు. కుర్చీ కోసం కాదు, దాన్ని తోసే మనిషికి దారి తెలుస్తుందని.

నా పుస్తకం గురించి అడిగావు. చాలా చిన్నది. బొమ్మలు ఎక్కువ. నీకు నచ్చే రకం కాదు. దాని సంగతి వదిలెయ్.

తాతయ్యని కలిసి రా. ఈసారికి పెన్నులు ఇంట్లో పెట్టి రా.

నీ రాక కోసం చీపురు కూడా కొన్న
సిసింద్రీ


జూన్ 20

సిసింద్రీకి,

ఇంటికి క్షేమంగా చేరాను. నీ గదిలో ఉన్న ఒకటిన్నర రోజూ నేను నోరు విప్పలేదని నీకు బెంగగా ఉందట, మీ అమ్మ చెప్పింది. మాట్లాడితే ఏడుపొస్తుందేమోనని ఊరుకున్నాను. ఏడిస్తే నా ముక్కు ఎర్రబడుతుంది, ఆ ముఖం నీకు గుర్తుండిపోవడం నాకిష్టం లేదు. ఉత్తరంలో ముక్కు కనపడదు కాబట్టి జరిగిందంతా చెబుతాను.

మా ఊళ్లో తనిఖీ దగ్గర కూర్చున్న అమ్మాయి నా సంచీ తెరిచి, ‘ఇన్ని ఎర్ర పెన్నులెందుకు మామ్మగారూ?’ అంది. ‘దూరప్రయాణం కదమ్మా’ అన్నాను. వెనక్కి ఇచ్చేసింది. విమానం గంట ఆలస్యంగా, రెండూ యాభైకి దిగింది. మీ విమానాశ్రయం పేరుకి ముందు ‘అంతర్జాతీయ’ అని నిలువెత్తు అక్షరాలున్నాయి. పరాయి దేశపు విమానం వారానికి ఒక్కటే వస్తుందట, మంగళవారం. మిగతా ఆరు రోజులూ అంతర్జాతీయ ద్వారానికి తాళం వేసి, తుడుపుకర్ర ఆనించి ఉంచుతారు.

నీ కుర్చీ మనిషి మెట్ల దగ్గరే పట్టుకున్నాడు. నాకంటే నాలుగైదేళ్లు చిన్నవాడేమో, కుంటుతున్నాడు.

‘కూర్చోండమ్మా, మీ పేరు మీదే బుక్ చేశారు.’

‘మోకాలికేమైంది నాయనా?’

‘అరిగిపోయిందన్నారండీ డాక్టరుగారు.’

‘అయితే నువ్వే కూర్చో, నేను తోస్తాను.’

ఒప్పుకోలేదు. చివరికి నా చేతిసంచీని కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరం పక్కపక్కన నడిచాం. సంచీ మటుకు దర్జాగా వచ్చింది.

సామాను వచ్చే బెల్టు ఒక్కటే. దాని మీద ఎవరిదో ఆకుపచ్చ పెట్టె నా కళ్లముందే పదిహేడుసార్లు తిరిగింది. నాది అందరికంటే ఆఖర్న వచ్చింది. బయటపడేసరికి మూడున్నర దాటింది. పుస్తకం తెరిచి, చెప్పినట్టే ఎడమవైపు రెండు నిమిషాలు నడిచాను. గోడ వచ్చింది. మంచి గోడ, కొత్తగా రంగు వేశారు. దాని మీద బస్సు బొమ్మ ఉంది, బస్సు లేదు. అక్కడ ఊడుస్తున్నావిడ నా చేతిలో పుస్తకం చూసి చీపురు ఆపింది.

‘మీరూ ఈ పుస్తకం బాపతేనా అమ్మగారూ? ఇవాళ మీరు ఎనిమిదో మనిషి.’

‘బస్టాపు ఏది తల్లీ?’

‘కొత్త బిల్డింగు కట్టినప్పుడే తీసేశారు. అదిగో, సరుకు లారీలు పోయే గేటు దాటాక మెయిన్ రోడ్డు మీద పెట్టారు. మీరు నడవలేరు గానీ వెనక్కెళ్లి టాక్సీ చూసుకోండి.’

నడవలేరు అంది కనుక నడిచాను. నా వయసుకి తగ్గట్టు నిదానంగా. గోడ దగ్గర మూడూ నలభై నాలుగు, బస్టాపు దగ్గర మూడూ యాభై ఆరు. పదహారు వందల ఇరవై అడుగులు. మధ్యలో పెట్టె చక్రం ఒకటి ఊడింది. ఈ రోజుల్లో ఏ వస్తువుకీ నాణ్యత లేదు. నేను చేరేసరికి బస్సు వీపు కనపడింది.

‘పదిహేను నిమిషాలకో బస్సు’ అని పుస్తకం. పదిహేనేగా అనుకుని నిలబడ్డాను. అలా నాలుగుసార్లు అనుకున్నాను. అసలు సంగతి గంటకొకటి. నాలుగూ యాభై అయిదుకి వచ్చింది. అది కూడా స్టేషన్‌కి పోలేదు, వంతెన ఇవతలే ఆపేశాడు.

‘నేరుగా స్టేషన్‌కి కాదటయ్యా?’ అన్నాను కండక్టరుతో.

‘స్టేషన్ వైపుకి అమ్మా. వంతెన మీదికి పెద్ద బస్సులు పోనివ్వరు.’

‘వైపుకి అని పుస్తకంలో లేదు.’

‘పుస్తకం నేను రాశానా?’

న్యాయమే. మూడు చక్రాల పెట్టె ఈడ్చుకుంటూ వంతెన దాటి, అవతల ఒక బండి పట్టుకుని, గడియారం కిందికి చేరేసరికి ఆరూ తొమ్మిది. నేనెక్కిన రైళ్లన్నీ ఎప్పుడూ గంటాలస్యమే. వాడి రైలు మాత్రం ఆరింటికే పోయింది. బెంచీ మీద రెండు టీ కప్పులున్నాయి. ఒకటి ఖాళీ, ఒకటి నిండా ఉంది. ఎవరివో అనుకున్నాను.

నిన్న ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి దాకా దిద్దాను. ప్రతి తప్పు పక్కనా నేను అక్కడ ఉన్న గంటా నిమిషమూ, అడుగుల లెక్కా వేశాను. పదికి అర మార్కు ఇచ్చాను, పేజీ నంబర్లు వరసగా ఉన్నందుకు. ‘ఇది రాసిన మనిషిని నిండు పెట్టెతో ఆ దారిన ఒక్కసారి నడిపించండి’ అని కింద రాసి, ‘ఒక ప్రయాణికురాలు’ అని సంతకం పెట్టి, వెనక అట్ట మీది అడ్రసుకి పంపేశాను. ఆ రాసినవాడెవడో గానీ, వాడికి అక్క ఉండదు.

రుమాలు నీ గదిలో మర్చిపోయిన
అమ్మమ్మ


జూలై 1

అమ్మమ్మా,

రుమాలు దొరికింది. ఎక్కడో తెలుసా? మంచం కింద, అంచున ఉన్న నాలుగు కట్టల పుస్తకాల మీద. నువ్వు వెళ్లే రోజు ఉదయం గది ఊడ్చావు. ఆ కట్టలు చూసే ఉంటావు. అయినా నాతో ఒక్క మాట అనలేదు. ఇంటికెళ్లి, తీరిగ్గా కూర్చుని, నా పై అధికారికి పంపించావు.

అవును, ఆ పుస్తకం రాసింది నేనే. నువ్వు మొదటి ప్రతి అడిగావే, అది అప్పటికే నీ చేతిలో ఉంది. కొత్త టెర్మినల్‌లో నేను ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు.

మా పై అధికారిణిని మేమందరం కత్తెర అంటాం. ఎవరి వాక్యాన్నీ చివరిదాకా బతకనివ్వదు. సోమవారం మీటింగులో నీ ఎర్ర పుస్తకాన్ని పద్దెనిమిది మంది ముందు పైకి చదివింది. ఒక్క ముక్క కూడా కత్తిరించలేదు. ‘పేజీ నంబర్లు వరసగా ఉన్నందుకు అర మార్కు’ దగ్గర అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, లేకపోతే తెలిసిపోతుందని. చిన్నప్పటి నుంచీ నా లెక్కల పుస్తకాల నిండా ఉన్న ఎరుపది, గుర్తుపట్టనా? ఉద్యోగం ఖాయం చెయ్యడానికి ఇంకా ఆరు వారాలుంది. నీకు నామీద కోపముంటే తిట్టాల్సింది. ఇలా చెయ్యకూడదు.

ఇంతవరకూ రాసి, లేచి వీధి చివరిదాకా నడిచి వచ్చాను. ఇప్పుడు కోపం సగానికి దిగింది కాబట్టి మిగతా సగం రాస్తాను.

తాతయ్య నుంచి నాకు కార్డు వచ్చింది. అమ్మ అడ్రసు ఇచ్చిందట. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ‘మీ అమ్మమ్మకి చెప్పు. అయిదూ యాభై దాకా రెండు టీలు పెట్టుకుని కూర్చున్నాను. ఒకటి తాగాను. రానని ముందే అంటే ఒకటే కొనేవాణ్ణి. ఆవిడ పంతం ఆవిడది. మాట ప్రకారం ఇంక రాయను.’

ఆ నిండు కప్పు నీదే అమ్మమ్మా. నువ్వు తొమ్మిది నిమిషాలు ఆలస్యం కావడానికి కారణం నేను. నువ్వు ఇచ్చిన అర మార్కు కూడా ఎక్కువే.

ఆయనకి నువ్వు వెంటనే రాయి. జరిగింది చెప్పు.

సిసింద్రీ


జూలై 6

సిసింద్రీకి,

మంచం కింద చూడాలంటే వంగాలి. నేను వంగి ఎనిమిదేళ్లయింది. చీపురు లోపలికి తోసినప్పుడు ఏదో అడ్డం తగిలింది, నీ చెప్పులనుకున్నాను. కళ్లజోడు లేకుండా ఊడ్చినదాన్ని, కట్టల మీది పేర్లు చదివానని ఎలా అనుకున్నావు?

నువ్వని తెలిస్తే పంపేదాన్నా అని నిన్నటి నుంచి నన్ను నేనే అడుగుతున్నాను. పంపేదాన్నే. కానీ నీకు పంపేదాన్ని, మీ కత్తెరకి కాదు. పద్దెనిమిది మందిలో నిన్ను నవ్వించినందుకు నాకు చాలా కష్టంగా ఉంది. ఇంతకు మించి రాస్తే ముక్కు సంగతి వస్తుంది, కాబట్టి ఆపేస్తున్నాను. మీ కత్తెరకి నేనొక ఉత్తరం రాయనా అనుకున్నాను. రాస్తే అందులో కూడా ఆవిడ తప్పులే పడతాను, ఉన్న ఆరు వారాలూ పోతాయి.

ఇంకో సంగతి. గోడ దాకా తీసుకెళ్లింది నీ పుస్తకం. బస్టాపులో గంటసేపు నిలబెట్టింది నా బుద్ధి. లోకంలో అచ్చయిన ప్రతిదాన్నీ అనుమానించే నేను, ‘పదిహేను నిమిషాలు’ అన్న ఒక్క మాటని నాలుగుసార్లు నమ్మాను. రెండోసారికే వెనక్కి వెళ్లి టాక్సీ ఎక్కి ఉంటే టీ వేడిగానే ఉండేది. కాబట్టి ఆ తొమ్మిది నిమిషాల్లో నీ వాటా నాలుగు, నా వాటా అయిదు. పెద్దదాన్ని కనుక ఒకటి ఎక్కువ తీసుకున్నాను.

వాడికి నేను రాయను. రాయకూడదని కాదు, రాసి లాభం లేదు. ‘విమానం ఆలస్యం, బస్టాపు మారింది, వంతెన అడ్డొచ్చింది’ అని రాస్తే నాకే బడిపిల్లల సాకులా వినిపిస్తుంది. వాడికి మాటలు ఎక్కవు, కొలతలు ఎక్కుతాయి. బయల్దేరాను అనడానికి నా దగ్గర చక్రం ఊడిన పెట్టె తప్ప ఏముంది? దాన్ని పోస్టులో పంపలేను.

ఇంక ఆ విషయం ఎత్తకు.

అమ్మమ్మ


జూలై 20

అమ్మమ్మా,

ఎత్తకు అన్నావు, ఎత్తుతున్నాను.

కొలతలు ఎక్కుతాయి అన్నావు చూడు, ఆ ముక్క దగ్గర ఆగిపోయాను. నువ్వు బయల్దేరావనడానికి సాక్ష్యం మా కత్తెర సొరుగులో ఉంది. గంటలు, నిమిషాలు, అడుగులు, అన్నీ నీ చేతిరాతలోనే. దాన్ని అడగాలంటే రాసింది నేనని చెప్పుకోవాలి. మూడు రోజులు ఆవిడ గది ముందు అటూ ఇటూ తిరిగాను. నాలుగోరోజు ఆవిడే పిలిచింది.

‘ఏంటి, నా గుమ్మం కొలుస్తున్నావా?’

‘ఆ ఎర్ర పుస్తకం నాకు కావాలి మేడమ్.’

‘చింపడానికా?’

‘మా తాతయ్యకి పంపడానికి. ఆ ప్రయాణికురాలు మా అమ్మమ్మ. ఆ పుస్తకం రాసింది...’

‘నువ్వని తెలుసు. సంతకం పెట్టి అచ్చుకి పంపింది నేను. అక్కడికెళ్లి చూడాలని నీకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఆవిడ వేసిన అర మార్కులో నా వాటా పావు.’

సొరుగు తీసి ఇచ్చింది. ‘ఒక నకలు తీసి ఇక్కడ పెట్టు. ఆదివారం ఆవిడ చెప్పినట్టు పెట్టెతో ఆ దారిన నడువు. ఖాళీ పెట్టె కాదు’ అంది. ఉద్యోగం ఖాయం చెయ్యడం ఇంకో మూడు నెలలు వెనక్కి జరిపింది. తీసెయ్యలేదు.

పెట్టె నిండా ఆ నాలుగు కట్టలే పెట్టాను. ఇంతకంటే బరువైనవి గదిలో లేవు. గోడ ఉంది. బస్సు బొమ్మ ఉంది. ఊడ్చే ఆవిడా ఉంది. ‘మీరు ఎన్నో మనిషో లెక్క మర్చిపోయాను’ అంది. పుస్తకం రాసింది నేనే అని చెప్పాను. చీపురు నా చేతికిచ్చి, ‘పట్టుకోండి, నీళ్లు తాగొస్తాను’ అని వెళ్లిపోయింది. అంతకంటే పెద్ద తిట్టు ఇంకెవరూ తిట్టలేరు.

గోడ నుంచి బస్టాపుకి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. నీకు పన్నెండే పట్టిందని రాసుకున్నావు. కుర్చీ ఉద్యోగం నన్ను ఏం చేసిందో చూడు. అడుగులు నేను మళ్లీ లెక్కపెట్టలేదు, నీ లెక్క ఉంది కదా. నీ అడుగు అరవై సెంటీమీటర్లని పుట్టినప్పటి నుంచీ వింటున్నాను కాబట్టి, కొత్త పుస్తకంలో ‘బస్టాపు సుమారు కిలోమీటరు దూరం’ అని రాశాను. ‘గంటకొక బస్సు’ అని రాశాను. ‘వంతెన ఇవతల ఆగుతుంది’ అని రాశాను. ‘నలభై నిమిషాల్లో’ అన్నది తీసేశాను.

నీ ఎర్ర పుస్తకాన్నీ, నా కొత్తదాన్నీ కలిపి నిన్న తాతయ్యకి రిజిస్టరు పోస్టులో పంపాను. ‘అమ్మమ్మ వచ్చింది, ఆలస్యానికి కారణం నేను’ అని రెండే ముక్కలు రాశాను.

భుజం నొప్పితో
సిసింద్రీ


జూలై 25

సిసింద్రీకి,

ఎంత పని చేశావు.

వాడికి నా ఎర్ర సిరా పంపావా? పదకొండేళ్ల కిందట ఏది చూసి వాడు ఎగిరిపడ్డాడో, మళ్లీ అదే రంగు, అదే చేతిరాత, అదే ‘పదికి’ అన్న మాట రిజిస్టరు చేసి మరీ వాడి గుమ్మంలో పెట్టావు. కవరు తెరవగానే వాడికి కనపడేది గంటలూ నిమిషాలూ కాదు, అర మార్కు. ‘ఈవిడ మారలేదు’ అని మూలన పడేస్తాడు. నేను సమయానికి వెళ్లలేకపోయానన్న చిన్న బాధ ఒక్కటే ఉండేది నాకు. ఇప్పుడు వాడి చేతిలో మళ్లీ ఎర్ర పెన్నుతో నిలబడ్డాను.

నీ మంచితనం కొంచెం తగ్గించుకో. ఆ పన్నెండు నిమిషాల సంగతి కూడా ఎక్కడా ఎత్తకు.

మిగిలిన అయిదు పెన్నులూ బీరువాలో పెట్టి తాళం వేసిన
అమ్మమ్మ


ఆగస్టు 16

అమ్మమ్మా,

మొన్న మా ఆఫీసుకి ఒక ముసలాయన వచ్చాడు. చంకలో గొడుగు, చేతిలో చుట్టిన కొలత టేపు, చొక్కా జేబులో ఆకుపచ్చ పెన్ను. రిసెప్షన్‌లో ‘ఈ పుస్తకంలో తప్పుంది, రాసినవాళ్లని పిలవండి’ అన్నాడట. కత్తెర నావైపు చూసి ‘మీ ఇంట్లో ఇంకెంతమంది ఉన్నారు?’ అంది.

తాతయ్య మళ్లీ రైలు మారడానికి నగరంలో దిగాడట. చేతిలో ఆరు గంటలుంటే నేరుగా విమానాశ్రయానికి వెళ్లాడు. గోడ నుంచి బస్టాపు దాకా టేపు పెట్టి కొలిచాడు. రెండో కొస ఊడ్చే ఆవిడ పట్టుకుందట. నా కొత్త పుస్తకం తెరిచి, ‘సుమారు కిలోమీటరు’ అన్నది ఆకుపచ్చగా కొట్టేసి చూపించాడు.

‘పన్నెండు వందల పదిహేను మీటర్లు. కిలోమీటరని నీకెవరు చెప్పారు?’

‘అమ్మమ్మ పదహారు వందల ఇరవై అడుగులు లెక్కపెట్టింది తాతయ్యా. అడుగుకి అరవై వేసుకుని...’

‘లెక్కపెట్టడంలో ఆవిడ తప్పు పోదు. పలక పట్టుకున్నవాణ్ణి, నాకు తెలుసు. దూరం తప్పు కాదు, అడుగుల లెక్క తప్పు కాదు. మరి ఏది తప్పు?’

నేను ఆలోచించేలోపే నీ ఎర్ర పుస్తకం వెనక అట్ట మీద ఆకుపచ్చ సిరాతో భాగించాడు. నీ ఎర్ర సిరా పక్కనే, నీ అర మార్కు కింద.

‘అడుగు డెబ్బై అయిదు సెంటీమీటర్లు వస్తోంది. ఇరవయ్యేళ్ల వయసులో కూడా మా అక్క అడుగు అరవయ్యారు దాటలేదు. నిమిషానికి నూట ముప్పై అయిదు అడుగులు. నిండు పెట్టెతో. డెబ్బై మూడేళ్ల మనిషి.’

ఆ తర్వాత టేపు చుట్టడం మొదలుపెట్టాడు. అది అప్పటికే చుట్టి ఉంది. విప్పి మళ్లీ చుట్టాడు.

‘పరిగెత్తింది’ అన్నాడు. ‘నాకోసం పరిగెత్తింది. నిదానంగా నడిచానని రాసుంటుంది కదూ?’

రాశావు అమ్మమ్మా. నా దగ్గర ఆ ఉత్తరం ఉంది. చూపించలేదు, కానీ నా ముఖం చూస్తే ఆయనకి తెలిసిపోయింది. నాకు ఇరవై నిమిషాలు పట్టిన దారి నీకు పన్నెండు పట్టిందని తెలిసి కూడా, నాకు వ్యాయామం లేదని బాధపడ్డానే తప్ప నాకిది తట్టలేదు.

వెళ్తూ నీకొక కాగితం ఇమ్మన్నాడు. ఇందులో పెడుతున్నాను. అప్పటి పెళ్లి కార్డు వెనకున్న మ్యాపునే మళ్లీ గీశాడు. ఉత్తరం పైకే ఉంది. కింద ఒక వాక్యం రాశాడు. ‘అప్పుడు కాగితం తలకిందులుగా పెట్టుకుని గీశాను, పదకొండేళ్లుగా తెలుసు, బస్సు కోల్డ్ స్టోరేజీకి వెళ్లిన మాట నిజమే.’

సెప్టెంబరు తొమ్మిదిన తిరుగు ప్రయాణంలో మళ్లీ ఇక్కడ దిగుతాడట. ఈసారి గడియారం కింద ఉండనన్నాడు. విమానాశ్రయం తలుపు బయటే ఉంటాడట.

కొత్త పుస్తకంలో రెండో తప్పు దిద్దుకుంటున్న
సిసింద్రీ


ఆగస్టు 21

సిసింద్రీకి,

నేను పరిగెత్తలేదు. ఆ రోడ్డు కొంచెం పల్లంగా ఉంది, పెట్టె ముందుకు దొర్లింది, దాని వెనక నేను వెళ్లాను. పెట్టె మనిషిని లాక్కుపోతే అడుగు దానంతటదే పెద్దదవుతుంది. చక్రం ఊడింది కూడా నాణ్యత లేకే. మీ తాతయ్యకి ఈ సంగతి స్పష్టంగా చెప్పు. రోడ్డు పల్లంగా లేదని వాడంటే, టేపుతో పల్లం తెలియదని చెప్పు.

మ్యాపు చూశాను. ఉత్తరం పైకి ఉంది. హాలు ఉండాల్సిన చోట ఉంది. కోల్డ్ స్టోరేజీని కూడా విడిగా గుర్తు పెట్టాడు, ఎవరూ మళ్లీ పొరపడకుండా. బీరువా తాళం తీసి ఒక పెన్ను బయటికి తీశాను. మూత తీసి కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాను. రోడ్డు పేరు ఒకటి కొంచెం పక్కకి పడింది. మూత పెట్టేశాను. ఇది నా జీవితంలో ఎంత పెద్ద విషయమో నీకు తెలుసు, ఎవరికీ చెప్పకు.

మీ మామయ్య తొమ్మిదో తారీఖుకి టికెట్టు తీశాడు. చక్రాల కుర్చీ వద్దన్నాను, ఆ మోకాలి ఆయనకి పని తగ్గుతుంది. నువ్వు కూడా రా, ఈసారి సెలవు పెట్టు. కత్తెరగారికి నేను అడిగానని చెప్పు. టాక్సీ మాట ఎత్తొద్దు. ముగ్గురం గోడ దాకా వెళ్లి, ఊడ్చే ఆవిణ్ణి పలకరించి, అక్కడి నుంచి బస్టాపుకి నడుస్తాం. నేను అడుగులు లెక్కపెడతాను, వాడు రాసుకుంటాడు. పలక నువ్వు కొను.

దూరం వాడు కొలిచాడు, నా అడుగు అరవై. ఆ లెక్కన రెండు వేల ఇరవై అయిదు రావాలి. జాగ్రత్తగా నడవాలి. ఒక్కటి తగ్గినా మళ్లీ పరిగెత్తానంటాడు.

నిదానంగా వచ్చే
అమ్మమ్మ